ఫుల్ సిగ్నల్ ఉన్నా వైఫై తెగిపోతోందా? ఇంటర్‌ఫియరెన్స్‌ని ఇలా పట్టుకోండి

ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. స్పీడ్ టెస్ట్ పెడితే 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి 90 దాకా వస్తుంది. కానీ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో కూర్చుంటే చాలు, ఎదుటివాళ్ల మొహం బిగుసుకుపోతుంది, మాట ముక్కలవుతుంది, ఆ వెంటనే ‘రీకనెక్టింగ్’. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వాళ్లు చెప్పేది ఒకటే: “రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్.” చేస్తే నిజంగానే ఓ గంట బాగుంటుంది. తర్వాత మళ్లీ మామూలే.

సినిమా చూస్తుంటే ఇలా జరిగితే ఒకసారి తిట్టుకుని ఊరుకుంటాం. అదే ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో కోడ్ రాస్తున్నప్పుడు జరిగితే? కెమెరా ఆన్‌లో ఉంచి రాసే పరీక్షలో జరిగితే? అవతల ఉన్నవాళ్లకి మీ రౌటర్ కష్టాలు కనిపించవు, మీరు మధ్యలో మాయమైపోయారు అన్నదే కనిపిస్తుంది. అందుకే ఈ సమస్యని పద్ధతిగా ఎలా విప్పాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. కొత్త రౌటర్ కొనమని మాత్రం చెప్పను. ఇలాంటి కేసుల్లో చాలావరకు కొత్త రౌటర్ అక్కర్లేదు, పైగా అదే గాలిలో పెడితే కొత్తదీ తడబడుతుంది.

ముందు ఎక్కడ తెగుతోందో తేల్చుకోండి

‘నెట్ పోయింది’ అని మనం ఒకే మాట అంటాం కానీ, దారిలో రెండు ముక్కలున్నాయి. ఫోన్ నుంచి రౌటర్ దాకా వైఫై. రౌటర్ నుంచి బయటి ప్రపంచం దాకా ఫైబర్. ఏ ముక్క తెగుతోందో తెలియకుండా సెట్టింగ్స్ మార్చడం అంటే జ్వరం ఎంతుందో చూడకుండానే మాత్ర వేసుకోవడం లాంటిది.

ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదాంట్లో మీ రౌటర్ అడ్రస్‌కి పింగ్ పెట్టండి, రెండోదాంట్లో 8.8.8.8 కి. రౌటర్ అడ్రస్ సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. కాకపోతే ఫోన్‌లో ఆ వైఫై వివరాలు తెరిస్తే ‘గేట్‌వే’ అని కనిపించేది అదే. విండోస్‌లో పింగ్ నాలుగుసార్లే వెళ్లి ఆగిపోతుంది, ఆగకుండా నడవాలంటే చివర హైఫన్, టీ అక్షరం కలపాలి. మ్యాక్‌లో, లినక్స్‌లో దానంతటదే నడుస్తూ ఉంటుంది. ఫోన్ మాత్రమే ఉంటే ప్లే స్టోర్‌లో పింగ్ యాప్‌లు బోలెడు. ఫోన్‌తో టెస్ట్ చేసేటప్పుడు మొబైల్ డేటా ఆపేయడం మర్చిపోవద్దు. వైఫై కాస్త నీరసపడగానే చాలా ఫోన్లు చెప్పకుండా డేటాకి మారిపోతాయి, అప్పుడు మీరు కొలుస్తున్నది వైఫైని కాదు.

ఇప్పుడు కాల్ తెగే టైమ్ వరకు వాటిని అలాగే నడవనివ్వండి. రౌటర్ పింగ్ 2, 3, 5 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉండి, 8.8.8.8 మాత్రమే పడిపోతే వైఫై తప్పేం లేదు. అది ఫైబర్ సమస్య, లేదా ఆ కంపెనీ నెట్‌వర్క్ సమస్య. బాక్స్ మీద ‘లాస్’ అనే లైటు ఎర్రగా వెలుగుతుంటే ఇక వేరే టెస్టే అక్కర్లేదు, ఫైబర్‌లో వెలుతురు రావట్లేదని అర్థం. అలా కాకుండా రౌటర్ పింగే 3 నుంచి 200కి, 800కి ఎగిరి, మధ్యమధ్యలో ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తుంటే, తెగుతున్నది మీ గదిలోనే. ఎప్పుడో ఒకసారి ఒక్క పింగ్ ఎగిరితే పట్టించుకోకండి, పనిలో ఉన్న రౌటర్ పింగ్‌కి కాస్త ఆలస్యంగా జవాబివ్వడం మామూలే. గుంపులు గుంపులుగా ఎగిరితేనే సమస్య.

గదిలోనే అని తేలాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. సిగ్నల్ చేరట్లేదా, చేరినా చెడిపోతోందా? ఈ రెండింటికీ మందు వేరు. ఆండ్రాయిడ్‌లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్ వేస్తే సిగ్నల్ బలం డీబీఎం లెక్కలో, మైనస్ అంకెగా కనిపిస్తుంది. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. రౌటర్ పక్కనే మైనస్ 30 లాంటిది ఉంటుంది. మైనస్ 67 దాకా వీడియో కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 80 దగ్గరికి వచ్చిందంటే కనెక్షన్ దైవాధీనం. ఇది మామూలు స్కేలు కాదని గుర్తుంచుకోండి. 10 తగ్గితే పవర్ పదో వంతు అయినట్టు, 20 తగ్గితే వందో వంతు.

మీరు కూర్చునే చోట మైనస్ 78 ఉంటే అది ఇంటర్‌ఫియరెన్స్ కాదు, కవరేజీ సమస్య. రౌటర్‌ని ఇనప బీరువా పక్క నుంచో, టీవీ వెనక నుంచో బయటికి తీసి, ఎత్తులో, ఇంటి మధ్యలో పెడితే సగం తీరుతుంది. మైనస్ 50 ఉండి కూడా పింగ్ చిందులేస్తుంటే అప్పుడు ఇంటర్‌ఫియరెన్స్‌ని అనుమానించాలి. ఇక్కడి నుంచి దాని కథే.

ఐఫోన్ వాళ్లకి ఒక మాట. అక్కడ ఎనలైజర్ యాప్‌లకి ఈ వివరాలు దొరకవు. యాపిల్ సొంత యాప్ ‘ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ’ వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ కింద ఉండే ‘వైఫై స్కానర్’ ఆన్ చేస్తే పని జరుగుతుంది. మ్యాక్‌లో అయితే ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని పైన వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి. సిగ్నల్, నాయిస్, ఛానల్ అన్నీ అక్కడే. ఆండ్రాయిడ్‌లో స్కాన్ చాలా నెమ్మదిగా అప్‌డేట్ అవుతుంటే యాప్ పాడైందనుకోకండి. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లకి 2 నిమిషాల్లో 4 స్కాన్లే ఇస్తున్నారు. ఆండ్రాయిడ్ 10 నుంచి డెవలపర్ ఆప్షన్స్‌లో ‘వైఫై స్కాన్ థ్రాట్లింగ్’ ఆపేయొచ్చు.

ఒకే మైకు, రెండు ఫంక్షన్ హాళ్లు

వైఫైకి ఒక మర్యాద ఉంది. మాట్లాడే ముందు ఛానల్‌ని వింటుంది, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది, ఖాళీ అయ్యాక తన ప్యాకెట్ పంపుతుంది. అవతలి నుంచి ‘అందింది’ అనే జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. అదీ అందకపోతే స్పీడు తగ్గించి పంపుతుంది. మనకి కనిపించే ల్యాగ్ అంతా ఈ మళ్లీ మళ్లీ పంపడంలోనే పుడుతుంది. రౌటర్ సెకనుకి దాదాపు 10 సార్లు ‘నేనున్నాను’ అని బీకన్ అనే చిన్న ప్రకటన చేస్తుంటుంది. అవి వరసగా చాలాసేపు వినపడకపోతే ఫోన్ ‘రౌటర్ లేదు’ అనుకుని కనెక్షన్ తెంపేసుకుంటుంది. డ్రాప్ అంటే ఇదన్నమాట.

ఒక ఫంక్షన్ హాల్లో ఒకటే మైకు ఉందనుకోండి. పదిమంది ఉన్నా వంతులవారీగా మాట్లాడితే ఆలస్యమవుతుంది కానీ ప్రతి మాటా వినపడుతుంది. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్ల సంగతి ఇదే. ఒకరిది ఒకరికి అర్థమవుతుంది కాబట్టి ఆగుతారు. పక్క హాల్లో డీజే పెట్టారనుకోండి. ఆ డీజేకి మీ మైకు సంగతి తెలియదు, ఆగాల్సిన అవసరమూ లేదు. గోడ దాటి వచ్చిన ఆ దరువులో మీ మాట కలిసిపోతుంది. సగం సగం ఒకదాని మీద ఒకటి పడిన ఛానల్స్ ఇలా చేస్తాయి.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 1 నుంచి 13 వరకు ఛానల్స్ ఉన్నాయి. వినడానికి చాలా ఉన్నట్టే ఉంటుంది. కానీ పక్కపక్క ఛానల్స్ మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, ఒక్కో వైఫై సిగ్నల్ వెడల్పేమో కనీసం 20 మెగాహెర్ట్జ్. అందుకే ఒకదానికొకటి తగలకుండా ఉండేందుకు సాధారణంగా వాడేవి 1, 6, 11 మాత్రమే. మూడే.

ఇక్కడే చాలామంది చెప్పే సలహా బెడిసికొడుతుంది. “ఎనలైజర్‌లో ఏ ఛానల్ ఖాళీగా ఉంటే అది పెట్టుకోండి” అంటారు. గ్రాఫ్ తీసి చూస్తే 1 మీద, 6 మీద జనం కిక్కిరిసి ఉంటారు, 3 మీద ఎవరూ ఉండరు. వెంటనే 3 పెట్టేస్తారు. 3వ ఛానల్‌లో కూర్చున్న రౌటర్‌కి 1 వాళ్ల చప్పుడూ, 6 వాళ్ల చప్పుడూ రెండూ తగులుతాయి. రెండు హాళ్ల మధ్య గోడ మీద కూర్చున్నట్టు. వంతు దొరకదు, చప్పుడు తప్పదు. పైగా అటూ ఇటూ ఉన్న రెండు గుంపులనీ మీరు కూడా పాడుచేస్తారు. ఛానల్ 6లో నాలుగు రౌటర్లు ఉన్నా సరే, 3 కంటే 6 మేలు.

ఫుల్ సిగ్నల్ మోసం కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆ గీతలు చెప్పేది రౌటర్ గొంతు ఫోన్‌కి ఎంత గట్టిగా వినపడుతోంది అన్నది ఒక్కటే. చుట్టూ ఎంత గోల ఉందో చెప్పవు. ఫోన్ గొంతు రౌటర్‌కి వినపడుతోందా అన్నది అసలే చెప్పవు. ఫోన్ ట్రాన్స్‌మిట్ పవర్ సాధారణంగా రౌటర్ కంటే తక్కువే, దాని బ్యాటరీ దానికి ముఖ్యం కదా. అందుకే రౌటర్‌లో పవర్ పెంచేసి సంబరపడితే గీతలు పెరుగుతాయి కానీ తిరుగు దారి అలాగే ఉంటుంది.

బీకన్ల సంగతి చెప్పానుగా, దాని లెక్క ఒకసారి వేసి చూద్దాం, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2.4లో పాత 802.11బి సపోర్ట్ ఆన్‌లో ఉన్న రౌటర్ బీకన్‌ని 1 ఎంబీపీఎస్ స్పీడుతో పంపుతుంది, ఎంత పాత పరికరానికైనా వినపడాలని. ఒక బీకన్ 250 బైట్లు అనుకుందాం, అంటే 2000 బిట్లు. 1 ఎంబీపీఎస్‌లో దానికి 2 మిల్లీసెకన్లు. సెకనుకి 10 కాబట్టి 20 మిల్లీసెకన్లు, అంటే మొత్తం టైమ్‌లో 2 శాతం. ఒక్క వైఫై పేరుకి ఇంత. మీ ఛానల్‌లో అలాంటివి 15 పేర్లు వినపడుతుంటే, ఎవరూ ఏమీ డౌన్‌లోడ్ చేయకుండానే 30 శాతం గాలి అయిపోయింది! రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఊరికే ఆన్‌లో ఉంటే అది కూడా ఒక పేరే. వాడకపోతే ఆపేయండి.

ఒక్క ల్యాప్‌టాప్‌కే ఎందుకు?

మా ఫ్రెండ్ వాళ్లది కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. వాడి చెల్లెలికి మర్నాడు ఉదయం ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ, వీడియోలో. మాక్ ఇంటర్వ్యూ కోసం కూర్చుంటే ప్రతి పది నిమిషాలకీ వైఫై తెగుతోంది. వాడు నాకు ఫోన్ చేసేటప్పటికే పక్క ఫ్లాట్ అంకుల్ కొత్త రౌటర్ మీద నేరం మోపేశాడు. నేను వెళ్లి స్కాన్ చేస్తే 23 నెట్‌వర్క్‌లు కనపడ్డాయి, కాబట్టి వాడి అనుమానం అన్యాయమేమీ కాదు.

కానీ రెండు విషయాలు పొసగలేదు. ఒకటి, మధ్యాహ్నం మూడింటికి, అందరూ ఆఫీసుల్లో ఉన్నప్పుడు కూడా తెగుతోంది. రెండు, ల్యాప్‌టాప్ పింగ్ 900 చూపిస్తున్న ఆ క్షణంలోనే, అదే టేబుల్ మీద, అదే 2.4 వైఫైలో ఉన్న నా ఫోన్ పింగ్ 4 దగ్గర ప్రశాంతంగా ఉంది. పక్క ఫ్లాట్ గోలే అయితే రెండూ కలిసి దెబ్బతినాలి. ఒక్కటే దెబ్బతింటోందంటే దొంగ ఆ ఒక్కదాని పక్కనే ఉన్నాడు.

ల్యాప్‌టాప్ ఎడమ వైపు ఒక యూఎస్‌బీ హబ్, దానికి పోర్టబుల్ హార్డ్ డిస్క్. కాలేజీ ప్రాజెక్టుల బ్యాకప్ నడుస్తోందట. “అది తీసెయ్యమ్మా ఒకసారి” అన్నాను. “అన్నయ్యా, అది వైఫై కాదు, వైరుదే కదా!” అంది. సురక్షితంగా ఎజెక్ట్ చేసి తీశాం. పింగ్ 5కి దిగింది. మళ్లీ పెట్టి కాపీ మొదలుపెట్టాం, 600. తీస్తే మళ్లీ 5. మూడుసార్లు ఇలాగే జరిగాక ఇక సందేహం లేదు.

ఇది వింత కాదు, 2012లోనే ఇంటెల్ దీని మీద ఒక వైట్ పేపర్ ప్రచురించింది. యూఎస్‌బీ 3.0 తీగలో డేటా 5 గిగాబిట్ల వేగంతో పరిగెడుతుంది. ఆ సిగ్నల్ వల్ల పుట్టే రేడియో నాయిస్ వెడల్పుగా పరుచుకుని 2.4 బ్యాండ్ మీద కూడా పడుతుంది. కనెక్టర్‌కీ కేబుల్‌కీ షీల్డింగ్ సరిగ్గా లేకపోతే అది బయటికి కారుతుంది. ల్యాప్‌టాప్ వైఫై యాంటెనాకి ఆ పోర్టు దగ్గరగా ఉంటే, రౌటర్ నుంచి గోడలు దాటి వచ్చిన బలహీనమైన సిగ్నల్ ఆ నాయిస్‌లో మునిగిపోతుంది. నా ఫోన్ రెండడుగుల దూరంలో ఉంది కాబట్టి దానికి ఏమీ కాలేదు. వైర్‌లెస్ మౌస్ డాంగుల్ యూఎస్‌బీ 3 పోర్టు పక్కన పెడితే మౌస్ తడబడటానికీ కారణం ఇదే.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, హబ్‌ని పొడుగు కేబుల్‌తో దూరం జరిపాం. పక్క ఫ్లాట్ అంకుల్ నిర్దోషిగా బయటపడ్డారు.

మీ ఇంట్లో కూడా ఇదే ప్రశ్నతో మొదలుపెట్టండి. అన్ని పరికరాలకీ ఒకేసారి తెగుతోందా, ఒక్కదానికేనా? ఒక్కదానికే అయితే దాని చుట్టూ ఉన్న హబ్, డాంగుల్, హార్డ్ డిస్క్ ఒక్కొక్కటీ తీసి చూడండి. ఏమీ లేకపోతే ఆ పరికరం డ్రైవర్, పవర్ సేవింగ్ సెట్టింగ్ చూడాలి. విండోస్ డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌కి ‘పవర్ ఆదా కోసం దీన్ని ఆఫ్ చేయొచ్చు’ అనే అర్థం వచ్చే టిక్ ఉంటే తీసేయండి. అది ఇంటర్‌ఫియరెన్స్ కాకపోయినా అచ్చం అలాగే కనిపిస్తుంది.

అందరికీ ఒకేసారి తెగితే

అప్పుడు టైమ్ రాసుకోండి. ఒక రెండు రోజులు ఎప్పుడెప్పుడు తెగిందో ఫోన్ నోట్స్‌లో రాస్తే చాలు, అనుమానితుల జాబితా తగ్గిపోతుంది.

అన్నం వేడి చేసే టైమ్‌లో రెండు నిమిషాలు తెగి మళ్లీ వస్తే మైక్రోవేవ్ ఓవెన్. అది పనిచేసేది 2450 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే వైఫై 2.4 బ్యాండ్ నట్టనడుమ. లోపల వందల వాట్ల పవర్ తిరుగుతుంటుంది, తలుపు సందుల్లోంచి కారేది రవ్వంతే అయినా, అరవంతు వాటు కూడా లేని వైఫైకి అది చాలా ఎక్కువ. మామూలు ఇంటి ఓవెన్లలో మ్యాగ్నెట్రాన్ కరెంటు సైకిల్‌లో సగంసేపే పనిచేస్తుంది. మనది 50 హెర్ట్జ్ కాబట్టి సుమారు 10 మిల్లీసెకన్లు గోల, 10 మిల్లీసెకన్లు నిశ్శబ్దం. అందుకే వైఫై పూర్తిగా చావదు, కుంటుతుంది. టెస్ట్ చేయాలంటే కప్పు నీళ్లు పెట్టి ఒక నిమిషం ఆన్ చేసి పింగ్ చూడండి. ఖాళీ ఓవెన్ మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు, పాడవుతుంది.

ఇండక్షన్ స్టవ్‌ని కూడా ఇంట్లో వాళ్లు ఇందులోకి లాగుతుంటారు. అది పనిచేసేది కిలోహెర్ట్జ్‌లలో, పదుల వేలల్లో. వైఫై వందల కోట్లలో. దాన్ని వదిలేయండి.

రోజూ రాత్రి 8 నుంచి 11 మధ్యే తెగితే అది పక్కింటి జనం, వాళ్లు మీలాగే సిరీస్‌లు చూస్తున్నారు, అంతే. రోజంతా ఒకేలా ఉంటే ఆగకుండా వీడియో పంపే వైఫై సీసీ కెమెరా ఏదైనా ఉందేమో చూడండి. మీదైనా, ఎదురింటి వాళ్లదైనా. ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి 2.4 ఒక్కటే ఉంటుంది.

ఇయర్‌బడ్స్ పెట్టుకున్నప్పుడే కాల్ పాడైతే? బ్లూటూత్ కూడా ఇదే 2.4లో 79 చిన్న ఛానల్స్ మీద సెకనుకి 1600 సార్లు గెంతుతూ పనిచేస్తుంది. వైఫై ఉన్న చోటు కనిపెట్టి తప్పుకునే తెలివి దానికి 1.2 వెర్షన్ నుంచీ ఉంది కాబట్టి పక్కవాళ్ల బ్లూటూత్ గురించి బెంగ అక్కర్లేదు. కానీ చాలా ఫోన్లలో ఈ రెండూ ఒకే చిప్‌లో ఉండి 2.4ని పంచుకుంటాయి. వైఫైని 5కి మారిస్తే ఇద్దరికీ చోటు దొరుకుతుంది.

హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్‌తో బతికే వాళ్లకి ఇంకొకటి. మన దేశంలో 4జీకి వాడే బ్యాండ్లలో ఒకటి 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. వైఫై మొదలయ్యేది సరిగ్గా ఆ గట్టు మీదే. ఫోన్ లోపల ఈ రెండు రేడియోలూ అంగుళాల దూరంలో ఉంటాయి, ఒకటి అరుస్తుంటే రెండోదానికి చెవులు గింగురుమంటాయి. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ని 5 గిగాహెర్ట్జ్ చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు రౌటర్‌లో ఏం మార్చాలి

రౌటర్ అడ్రస్‌ని బ్రౌజర్‌లో కొడితే లాగిన్ పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ తరచుగా బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఛానల్ సెట్టింగ్ తాళం వేసి ఉంచుతాయి. అప్పుడు కస్టమర్ కేర్‌కి “నెట్ రావట్లేదు” అనకుండా “2.4లో ఛానల్ 11, విడ్త్ 20 పెట్టండి” అని నేరుగా అడగండి. సంభాషణ మొత్తం మారిపోతుంది.

మొదటి పని, కాల్స్‌కి, గేమ్స్‌కి వాడే ప్రతి పరికరాన్నీ 5 గిగాహెర్ట్జ్‌కి పంపడం. 2018లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ స్థలాన్ని లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి తెరిచింది. 2.4లో మనకున్నది 83.5 మెగాహెర్ట్జే. అంటే మూడు గదుల ఇంటి నుంచి పెద్ద అపార్ట్‌మెంట్‌కి మారినట్టు. గోడలు దాటడంలో 5 బలహీనం, నిజమే. కానీ అపార్ట్‌మెంట్లలో అది మనకి వరం, ఎందుకంటే పక్కవాళ్ల 5 కూడా మన గోడ దాటడానికి కష్టపడుతుంది.

రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టే ‘స్మార్ట్ కనెక్ట్’ లాంటి ఆప్షన్ ఉంటే, సమస్య తేలేవరకు ఆపేసి రెండు పేర్లు విడివిడిగా పెట్టండి. కొన్ని రౌటర్లు ల్యాప్‌టాప్‌ని 5 నుంచి 2.4కి, మళ్లీ 5కి నెడుతూ ఉంటాయి, అలా నెట్టిన ప్రతిసారీ కాల్ ఒక క్షణం తెగుతుంది. స్మార్ట్ బల్బులు, కెమెరాలు 2.4లో ఉండనివ్వండి, వాటికి అదే దిక్కు.

5లో ఛానల్ 36 నుంచి 48 లోపు గానీ, 149 నుంచి 161 లోపు గానీ ఎంచుకోండి. మధ్యలో ఉన్న 52 నుంచి 144 తరచుగా ఖాళీగా కనిపిస్తాయి, ఆశ పడతారు. ఆ ఛానల్స్‌ని చాలా దేశాల్లో రాడార్లు కూడా వాడతాయి, కాబట్టి చాలా రౌటర్లు అక్కడ రాడార్ లాంటి సిగ్నల్ వినగానే ఛానల్ వదిలేసేలా తయారవుతాయి. అలాంటి ఇంకో ఛానల్‌కి వెళ్తే ముందు ఒక నిమిషం ఊరికే వింటూ కూర్చోవాలి. ఆ నిమిషం మీ 5 గిగాహెర్ట్జ్ పేరే లిస్టులోంచి మాయమవుతుంది. ‘వైఫై పేరే కనిపించట్లేదు, కాసేపటికి అదే వచ్చింది’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. ఛానల్ విడ్త్ 80 పెడితే స్పీడ్ టెస్ట్‌లో అంకె బాగుంటుంది. పక్కన 5 గిగాహెర్ట్జ్ రౌటర్లు ఎక్కువగా ఉంటే 40 పెట్టండి, స్పీడు కొంచెం తగ్గి నిలకడ పెరుగుతుంది. ఇంటర్వ్యూకి కావాల్సింది 300 ఎంబీపీఎస్ కాదు, తెగని 5 ఎంబీపీఎస్.

2.4లో మాత్రం విడ్త్ 20 తప్ప ఇంకేదీ పెట్టొద్దు. 40 పెడితే మూడు చోట్లలో రెండు మీరే ఆక్రమించినట్టు, అందరి గోలా మీ మీద పడుతుంది. ఛానల్ 1, 6, 11లో తక్కువ నెట్‌వర్క్‌లున్నది కాదు, బలమైన నెట్‌వర్క్‌లు తక్కువ ఉన్నది చూసుకోండి. మైనస్ 88లో ఉన్న పది పేర్ల కంటే మైనస్ 55లో ఉన్న ఒక్కటి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 12, 13 మన దగ్గర వాడొచ్చు కానీ, అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లకి, ఫోన్లకి ఆ ఛానల్స్ కనపడవు. మోడ్‌లో ‘బి’ తీసేసి జి, ఎన్ ఉంచితే మీ బీకన్లు 1 ఎంబీపీఎస్ నుంచి 6కి మారతాయి. పక్కవాళ్ల బీకన్లని మనం ఏమీ చేయలేం, మనవైనా తగ్గుతాయి.

‘ఆటో’ ఛానల్ ఉంచాలా? చాలా ఇంటి రౌటర్లు ఆన్ అయిన క్షణంలో గాలిని చూసి ఛానల్ ఎంచుకుంటాయి, తర్వాత పెద్దగా మార్చవు. ఉదయం కరెంటు పోయి వచ్చినప్పుడు ఖాళీగా ఉన్న ఛానల్ రాత్రికి సంతలా ఉండొచ్చు. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుండటానికి ఒక కారణం ఇదే, కొత్త ఛానల్ దొరికింది. నా మాటైతే, తెగే టైమ్‌లోనే స్కాన్ చేసి చేత్తో పెట్టుకోవడం మేలు. ఒక్కసారి ఒక్కటే మార్చండి, మార్చాక మర్నాడు అదే టైమ్‌కి పింగ్ చూడండి. ఐదు సెట్టింగ్స్ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

6 గిగాహెర్ట్జ్ గురించి అడిగేవాళ్లకి: 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ లేకుండా వాడుకునేందుకు 2025 మేలో కేంద్ర టెలికాం శాఖ ముసాయిదా నిబంధనలు ఇచ్చింది. దానికి వైఫై 6ఈ లేదా వైఫై 7 రౌటరూ కావాలి, ఫోనూ కావాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఉపయోగం లేదు. అది లేకపోయినా పైన చెప్పిన పనులు ఇప్పుడున్న రౌటర్‌తోనే అవుతాయి.

ఇంటర్వ్యూ రోజుకి మాత్రం వైఫైని నమ్ముకోకండి. పొడుగు క్యాట్6 కేబుల్ ఒకటి తెచ్చుకుని రౌటర్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చండి. ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ దొరుకుతుంది. అది యూఎస్‌బీ 3 అయినా ఫర్లేదు, వైఫై ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి దాని గోల వినేవాళ్లు ఎవరూ ఉండరు. వైర్‌లెస్ మౌస్ డాంగుల్‌ని మాత్రం రెండో వైపు పోర్టుకి మార్చుకోండి.